తుపాకీ ఒక లెక్క, తూటా ఇంకో లెక్క: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఆయుధ లైసెన్సుల మీద రాస్తూ ఒక మాటన్నాం. ఒక మనిషికి ఎన్ని తుపాకులు అన్న లెక్క చట్టం ఇప్పటికే తేల్చేసింది, ఇక గట్టిగా పట్టుకోవాల్సింది ఇంట్లో ఉండే తూటాల లెక్కని అని. దాని మీద కర్నూలు, అనంతపురం, కడప వైపుల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. కొందరు ఒప్పుకున్నారు, ఇంకొందరు గట్టిగానే తగులుకున్నారు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: లైసెన్సు ఇచ్చేటప్పుడే పోలీసులు, రెవెన్యూవాళ్ళు నన్ను అన్ని విధాలా విచారించారు. నమ్మి తుపాకీ చేతికిచ్చాక తూటాలు లెక్కపెట్టి ఇవ్వడమేంది? అమెరికాలో ఈ గొడవే లేదంట కదా. (అనంతపురం)

అమెరికా సంగతి ముందు చూద్దాం. అక్కడ ఆయుధం ఉంచుకోవడం 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ నుంచి వచ్చిన హక్కు. అది వ్యక్తికి చెందిన హక్కేనని 2008లో హెల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఒకడి దగ్గర ఇన్ని తూటాలే ఉండాలన్న దేశవ్యాప్త పరిమితి అక్కడ లేదు. అలాగని ఏ దేశంలోనూ లేదనుకోవద్దు. బ్రిటన్‌లో రైఫిల్‌కు ఇచ్చే సర్టిఫికెట్ మీద ఒకేసారి ఎన్ని తూటాలు కొనొచ్చు, మొత్తం ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చు అని రెండు అంకెలు రాసి ఇస్తారు.

మన దగ్గరా రెండు అంకెలే. మీ లైసెన్సు పుస్తకం తీసి చూడండి. ఒక గడిలో ఏ సమయంలోనైనా మీ దగ్గర ఉండదగ్గ తూటాల సంఖ్య, పక్క గడిలో ఏడాది మొత్తంలో కొనదగ్గ సంఖ్య ఉంటాయి. చాలామంది రెండో అంకెనే గుర్తు పెట్టుకుంటారు. అసలు తంటా మొదటిదానితో వస్తుంది. పోయిన ఏడాది కొన్నవి పేల్చకుండా బీరువాలో పెట్టి, ఈ ఏడాది కోటా కూడా తెచ్చుకుంటే కొన్న లెక్క సరిగ్గానే ఉంటుంది గానీ నిల్వ హద్దు దాటిపోతుంది. అది లైసెన్సు షరతు తప్పడమే. ఆయుధ చట్టం 30వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. దానికంటే పెద్ద దెబ్బ 17వ సెక్షన్‌ది. కలెక్టరు లైసెన్సే రద్దు చేయొచ్చు. మీరు 30 రోజుల్లో అప్పీలుకు పోవచ్చు, కానీ ఈలోగా తుపాకీ ఉండేది స్టేషన్‌లోనే.

ఇక లెక్క ఎందుకన్న ప్రశ్న. ఆత్మరక్షణకని జోడు గొట్టాల ట్వెల్వ్ బోర్ తుపాకీ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) పెట్టుకున్నవాడికి గొట్టాల్లో పట్టేవి రెండు తూటాలు. ఇల్లు కాపాడుకునే పనికి పాతిక చాలు, ఎక్కువే. అంతకుమించి ఇంట్లో పేరుకున్నది రక్షణను పెంచదు, దొంగతనం జరిగిన రోజు పోయే సరుకును మాత్రం పెంచుతుంది. పైగా తూటా ఎప్పటికీ అలాగే ఉండే వస్తువు కాదు. మన ఎండలకు రేకుల కప్పు కింద, వానాకాలం చెమ్మలో నాలుగైదేళ్ళు పడి ఉన్న తూటా అవసరం వచ్చిన రోజు పేలుతుందన్న భరోసా లేదు.

అయితే ఏడాది కొనుగోలు అంకెను కూడా అంతే బిగించాలని మేం అనడం లేదు, అక్కడే చాలామంది మమ్మల్ని అపార్థం చేసుకున్నారు. లైసెన్సు తీసుకుని పదేళ్ళయినా పది తూటాలు పేల్చనివాడి చేతిలో తుపాకీ ఉంటే దొంగకంటే ఇంట్లోవాళ్ళకే ఎక్కువ భయం. షూటింగ్ సాధన చేసే రేంజిలో పేల్చి, ఖాళీ తూటా తొడుగులు అక్కడే అప్పజెప్పి వచ్చేవాడికి ఏడాది కోటా ధారాళంగా ఇవ్వొచ్చు. ఇంటి నిల్వకు గట్టి హద్దు, సాధనకు వదులు. ఈ తేడా ఉండాలన్నదే మా వాదన. షూటింగ్ క్రీడాకారుల విషయంలో కేంద్రం 2020 ఫిబ్రవరిలో ఇలాగే చేసింది. పాయింట్ 22 (అంగుళాల్లో కొలత) తూటాల పరిమితిని వెయ్యి నుంచి 5,000కు, ఇతర పిస్టళ్ళు, రివాల్వర్లవి 600 నుంచి 2,000కు, షాట్‌గన్ తూటాలవి 500 నుంచి 5,000కు పెంచింది. ఈ అంకెలు చూపించి మామూలు లైసెన్సుదారు కూడా అన్ని అడిగితే కుదరదు. అవి ఆటగాళ్ళకు మాత్రమే.

ప్రశ్న: హద్దులన్నీ లైసెన్సు ఉన్న మర్యాదస్తుడికే. మా వైపు నాటు తుపాకీ పెట్టుకున్నవాడు ఏ కలెక్టరును అడిగినాడు? ఏ పుస్తకంలో రాసినాడు? (జమ్మలమడుగు)

ఈ ఉత్తరంలో సగం నిజం ఉంది. సీమలో దొరికే నాటు తుపాకుల్లో ఎక్కువ భాగం మూతి వైపు నుంచి మందు, గుండ్లు కూరేవి. వాటికి కంపెనీ తూటాతో పనే లేదు. కాబట్టి తూటాల పరిమితి వాటిని ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. నాటు బాంబుల సంగతైతే ఆయుధ చట్టం పరిధి కూడా కాదు, 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి పోతుంది.

మిగతా సగం వేరు. ఉత్తరాది నుంచి దొంగదారిన వచ్చే చేతి తుపాకులు చాలావరకు పాయింట్ 315 తూటాకో, ట్వెల్వ్ బోర్ తూటాకో సరిపోయేలా చేసినవి. ఎందుకంటే దేశంలో లైసెన్సుదారులు ఎక్కువగా కొనేవి, కాబట్టి పక్కదారి పట్టించడానికి దొరికేవి అవే. గొట్టం ఏ లేతు మీదైనా తయారవుతుంది. ఫ్యాక్టరీ తూటా అలా తయారు కాదు. అది ఏదో ఒక లైసెన్సు పుస్తకం దాటుకునే రావాలి. నిల్వ లెక్క చూసేది ఆ సందును మూయడానికే.

శిక్షలు కూడా ఒకటి కావు. లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా ఐదేళ్ళ జైలు, పైన జరిమానా. దొంగచాటుగా తయారు చేసినా అమ్మినా ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా. పోలీసులు సామాన్యంగా పట్టుకునేది ఉంచుకున్నవాణ్ణి, తయారు చేసినవాడు దొరకడు అన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే.

ప్రశ్న: నాలుగెకరాల బుడ్డల చేను. కొండకానుకొని ఉంది. కాయ ఊరే టయానికి అడవి పందులు మందలుగా వచ్చి రాత్రికి రాత్రే తవ్వి పోస్తున్నాయి. తుపాకీ లైసెన్సు ఇస్తారా? ఎన్ని తూటాలిస్తారు? (పత్తికొండ దగ్గర రైతు; ఇలాంటివే కళ్యాణదుర్గం, బద్వేలు నుంచి)

ఇస్తారు. ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లోనే పంట కాపలాకు మూతి వైపు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని ఉంది. అది చాలదని కలెక్టరుకు నమ్మకం కలిగితే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి గొట్టపు (రైఫిల్‌కు మల్లే లోపల గాళ్ళు లేని) తుపాకీకి కూడా ఇవ్వొచ్చు. రైఫిల్ అడగొద్దు, ఇవ్వరు. ఇవ్వకపోవడమూ మంచిదే, ఎందుకంటే రైఫిల్ గుండు కిలోమీటరు దాటాక కూడా ప్రాణం తీయగలదు, చేలల్లో రాత్రిపూట కాపలా ఉండేది మీరొక్కరే కాదు.

దరఖాస్తు ఏ–1 ఫారంలో పెట్టాలి. అందులో పంట కాపలాకు అడిగేవాళ్ళు ఏ ఊరు, ఎంత విస్తీర్ణం అని రాయాల్సిన గడులు వేరే ఉన్నాయి. పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ నకలు జతచేయండి. తుపాకీ వాడకంలో శిక్షణ తీసుకున్నట్టు ఎస్–1 సర్టిఫికెట్, భద్రంగా దాచుకుంటానని ఎస్–2 హామీ పత్రం, ఎస్–3 వైద్య సర్టిఫికెట్ కావాలి. వయసు 21 నిండి ఉండాలి. స్టేషన్ నుంచి విచారణ నివేదిక వెళ్ళాకే కలెక్టరు నిర్ణయం. ఫైలు ఎక్కువగా ఆగేది ఆ నివేదిక దగ్గరే. ఊర్లో పాత తగాదాల్లో మీ మీద శాంతిభద్రతల బైండోవర్ (గొడవ చేయనని రాయించుకునే పూచీకత్తు) నడుస్తుంటే ఆ గడువు తీరేదాకా లైసెన్సు రాదు, తిరగడం దండగ.

రెండు చోట్ల రైతులు దెబ్బ తింటున్నారు. ఒకటి, తుపాకీ లైసెన్సు అంటే పందిని కాల్చే అనుమతి అనుకోవడం. కాదు. అడవి పంది వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో షెడ్యూల్లో ఉంది. పంటకు నష్టం చేస్తున్న జంతువును కాల్చాలంటే అదే చట్టం 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అటవీ అధికారి గానీ కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. అది లేకుండా కాలిస్తే మీ తుపాకీ సక్రమం, మీ వేట అక్రమం. చచ్చిన పందిని కోసి పంచుకుంటే అది ఇంకో కేసు, ఎందుకంటే ఆ మాంసం ప్రభుత్వ సొత్తు.

రెండోది చాలామందికి తెలియని సంగతి. అభయారణ్యం హద్దు నుంచి పది కిలోమీటర్ల లోపల ఉండేవాళ్ళకు కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి కావాలి. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షన్. బద్వేలు వైపు లంకమల, నందికొట్కూరు వైపు రోళ్ళపాడు, నల్లమల అంచు ఊళ్ళు చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి. మీ ఊరు హద్దులో పడుతుందో లేదో ముందు అటవీ శాఖ రేంజి ఆఫీసులో కనుక్కుని, ఆ కాగితం కూడా దరఖాస్తుకు పెట్టండి. లేకపోతే పోలీసు నివేదిక, మిగతా అన్నీ సరిగ్గా వెళ్ళాక చివర్లో ఈ సమ్మతి లేదని ఫైలు వెనక్కి వస్తుంది.

తూటాలు ఎన్ని అంటారా, ఆ సంఖ్య లైసెన్సులో రాసిస్తారు, పంట కాపలాకు తక్కువగానే ఉంటుంది. నిజానికి మా సలహా అడిగితే నాలుగెకరాలకు సౌర కంచె మేలు. అదీ సరిగ్గా వేస్తేనే. పంది దూకదు, మూతి పెట్టి కింద నుంచి దూరుతుంది. కాబట్టి అడుగు తీగ నేల నుంచి 20–25 సెంటీమీటర్లకు మించకూడదు. రెండో తీగ దానికి ఇంకో జానెడు పైన. చాలామంది ఆవులకు వేసినట్టు మోకాలెత్తున ఒకే తీగ లాగి, పనిచేయలేదని కంచెను తిడుతున్నారు.

ఇంకో చిక్కు మన ఎర్ర నేలది. ఎండిన నేలలో ఎర్తింగు పట్టదు, ఎర్తు లేకపోతే పందికి షాకు తగలదు. కంచెకు కరెంటు ఇచ్చే పెట్టె దగ్గర ఒక్క ఎర్తు కడ్డీ చాలదు. మీటరుంపావు పొడవైనవి మూడు కడ్డీలు, రెండేసి మీటర్ల దూరంలో దిగ్గొట్టి కలపండి. ఎండాకాలంలో వాటి మొదట్లో బిందెడు నీళ్ళు పోస్తుండాలి. గడ్డి పెరిగి అడుగు తీగకు తగిలితే కరెంటు అంతా నేలలోకి పోతుంది, అందుకే తీగ కింద రెండు వారాలకోసారి కోయాలి. మోటారు కరెంటును నేరుగా తీగకు కలిపేవాళ్ళకు మాత్రం ఒక్కటే మాట: పంది కంటే ముందు మనిషి పోతాడు, కేసు హత్యా నేరందాకా పోవచ్చు.

ప్రశ్న: మా నాయన పోయినాడు. ఆయన పేరు మీద జోడు గొట్టాలది ఒకటి, రైఫిల్ ఒకటి ఉండాయి. నాకు ముందే ఒక రివాల్వర్ ఉంది. మూడూ ఉంచుకోవచ్చా? గోడకు తగిలించిన మా ముత్తాత కాలం నాటి నాటు తుపాకీ కూడా ఒకటుంది. (ప్రొద్దుటూరు)

మూడు కుదరవు. 2019 డిసెంబరు దాకా ఒక మనిషికి మూడు ఉండేవి. ఆ నెల 14 నుంచి రెండే. వారసత్వంగా వచ్చినవైనా అంతే. ఆటగాళ్ళకు, డీలర్లకు ఉన్న మినహాయింపు మీకు వర్తించదు.

ఇప్పుడు ముందుగా చేయాల్సింది, నాయన తుపాకులు రెండూ, వాటి తూటాలు స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న ఆయుధ దుకాణంలో గానీ జమ చేయడం. లైసెన్సు ఆయనది, ఆయనతోటే అయిపోయింది. ఇంట్లో ఉన్న ప్రతి రోజూ అది లైసెన్సు లేని ఆయుధమే. కర్మకాండలు అయ్యాక చూద్దాంలే అని ఉంచుకున్నవాళ్ళు ఉన్నారు, చేయొద్దు. జమ చేసినప్పుడు తుపాకీ నెంబరు, గొట్టం మీది ముద్ర, తూటాల సంఖ్య రాసిన రసీదు అడిగి తీసుకోండి.

తర్వాత కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అమ్మ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అభ్యంతరం లేదని రాసిన అఫిడవిట్లు పెట్టి మీకు కావాల్సిన ఒక తుపాకీకి వారసుడిగా దరఖాస్తు చేయండి. ఆడపిల్లల సంతకం ఎందుకులే అని వదిలేస్తే అక్కడే ఆగుతుంది. మిగిలినదానికి మీ ఇంట్లోనే ఇంకొకరు అర్హులుంటే వాళ్ళు దరఖాస్తు చేయొచ్చు, లేదంటే డీలరుకో, లైసెన్సు ఉన్న మరొకరికో అమ్మేయాలి. జమ చేసింది గడువులోగా ఏదో ఒకటి తేల్చుకోకపోతే ప్రభుత్వానికి పోతుంది.

ఇలాంటి ఉత్తరాలు చదివినప్పుడల్లా అనిపిస్తుంది, ఇంట్లో పెద్దవాళ్ళు బతికుండగానే ఈ పని చేయొచ్చు కదా అని. లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, తుపాకీ 25 ఏళ్ళుగా ఉన్నా, తనే ఒక వారసుడి పేరు చెప్పి మార్పించుకునే వీలుంది.

గోడ మీద తుపాకీ విషయంలో చూడాల్సింది ఒక్కటే, అది బాగుచేసినా పేలని స్థితిలో ఉందా లేదా. బాగు చేస్తే పేలుతుందంటే లైసెన్సు కావాల్సిందే, తుప్పు పట్టిందన్న మాట పనికిరాదు. బాగుచేసినా పేలని పాత వస్తువుకు ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అలాంటిదేనని మీరనుకుంటే సరిపోదు, చూపించి కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద ట్రంకు పెట్టెలో పదీ పదిహేను తూటాలు దొరికాయి. ఏం చేయాలి? ఎండలో పెట్టి పేల్చి చూద్దామంటున్నాడు మా అల్లుడు. (ఆళ్ళగడ్డ)

అల్లుడి మాట వినొద్దు. కదిలించకుండా స్టేషన్‌కు ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళమనండి. ఒక్క తూటా అయినా లైసెన్సు లేకుండా ఉంటే నేరమే, కానీ దొరికిన వెంటనే మీరే చెప్పినట్టు స్టేషన్ జనరల్ డైరీలో నమోదైతే చిక్కు ఉండదు. సంచిలో వేసుకుని బస్సెక్కి మీరే తీసుకుపోవద్దు.

వాటిని పేల్చడం ఎందుకు ప్రమాదమో చెప్తాం. పాత ట్వెల్వ్ బోర్ తూటాలకు పైతొడుగు కాగితంతో చేసినది, అడుగున ఇత్తడి మూత. చెమ్మకు కాగితం ఉబ్బుతుంది, ఇత్తడి అంచు మీద పచ్చగా కిలుము పడుతుంది. ఉబ్బినదాన్ని తుపాకీ గొట్టంలోకి బలవంతంగా నెడితే ఇరుక్కుంటుంది. మందు పాడైతే టప్పుమని చిన్న చప్పుడు చేసి గుండ్లు గొట్టం మధ్యలోనే ఆగిపోతాయి. అది గమనించక వెనకాలే ఇంకోటి పేలిస్తే గొట్టం చీలుతుంది, పోయేది ఎడమచేతి వేళ్ళు. ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే వెంటనే తెరవకూడదు. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. మూతిని ఖాళీ దిక్కుకే ఉంచి అరనిమిషమైనా ఆగాలి.

లైసెన్సుదారులకు ఇంకో జాగ్రత్త. పాత జోడు గొట్టాల తుపాకులు చాలావాటికి తూటా గది 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు అమ్మేవాటిలో 70 మిల్లీమీటర్లవి ఎక్కువ. అది లోపలికి చక్కగా దిగుతుంది, ఎందుకంటే పేలకముందు మడత మూసుకుని పొట్టిగానే ఉంటుంది. పేలాక ఆ మడత విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. గొట్టం అడుగు భాగంలో చెక్కిన అంకె చూసి, డీలరుకు చూపించి కొనండి. ఇంట్లో ట్వంటీ బోర్, ట్వెల్వ్ బోర్ రెండూ ఉన్నవాళ్ళు తూటాలు ఒకే డబ్బాలో పెట్టొద్దు. ట్వంటీ బోర్ తూటా ట్వెల్వ్ బోర్ గదిలో జారిపోయి ముందు కనపడకుండా ఇరుక్కుంటుంది, పైనుంచి ఇంకోటి వేస్తే గొట్టమే పోతుంది.

ప్రశ్న: లైసెన్సు కర్నూలు జిల్లాలో తీసుకున్నాను. పొలం పనుల మీద రాయచూరు, గద్వాల పోతుంటాను. తుపాకీ వెంట తీసుకుపోవచ్చా? (ఆదోని)

పుస్తకంలో 'చెల్లుబాటు ప్రాంతం' అన్న గడి చూడండి. ఆంధ్రప్రదేశ్ అని ఉంటే తుంగభద్ర వంతెన దాటి అలంపూర్ చౌరస్తాలో అడుగు పెట్టిన క్షణం నుంచి మీరు లైసెన్సు లేనివారే. 2014కు ముందు తీసుకున్న పాత పుస్తకాలవాళ్ళు ఈ పొరపాటు చేస్తున్నారు. అప్పుడు రాష్ట్రం ఒకటి, ఇప్పుడు వేరు. పక్క రాష్ట్రానికి నిజంగా అవసరముంటే పరిధి పెంచమని కారణంతో దరఖాస్తు చేయాలి. 2022లో జిల్లాలు విడిపోయాక నంద్యాల వైపు పోయినవాళ్ళు పునరుద్ధరణకు ఇప్పుడు తాము నివసిస్తున్న జిల్లా కలెక్టరు దగ్గరకే వెళ్ళాలి.

లైసెన్సు కాలం ఇప్పుడు ఐదేళ్ళు. అది ముగియడానికి రెండు నెలలకు పైగా ఉండగానే ఏ–3 ఫారం పెట్టేయండి. పుస్తకంపై విశిష్ట గుర్తింపు సంఖ్య లేకపోతే ఆ లైసెన్సు చెల్లదు, ఇది మర్చిపోవద్దు. దారిలో తుపాకీ సంచిలో గానీ ఒరలో గానీ ఉండాలి, తూటాలు బయటికి తీసి ఉండాలి. డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని తిరగడం దర్జా అనుకునేవాళ్ళకు ఆయుధ నిబంధనల్లోని 32వ రూలు అడ్డొస్తుంది.

ప్రశ్న: మా పాపకు పద్నాలుగేళ్ళు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటానంటోంది. దానికీ లైసెన్సు కావాలా? (అనంతపురం)

అక్కర్లేదు. గాలి తుపాకీ గొట్టం 4.5 మిల్లీమీటర్లకు, అంటే పాయింట్ 177కు మించకుండా, శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే లైసెన్సు వద్దు. పోటీలకు వాడేవి ఏడెనిమిది జౌల్స్ లోపే ఉంటాయి. అమ్మేవాడు మీ గుర్తింపు కార్డు చూసి రిజిస్టరులో రాసుకుంటాడు, అవేవీ లేకుండానే అమ్ముతానంటే అనుమానించండి. ఆన్‌లైన్లో పాయింట్ 22 గాలి తుపాకీ చవగ్గా కనపడితే కొనొద్దు, అది లైసెన్సు కావాల్సిన రకం.

ప్రశ్న: పెళ్ళిలో గాలిలోకి కాలిస్తే ఎవరికి నష్టం? (రాయచోటి)

పైకి పోయింది కిందికి రాక తప్పదు. సన్న గుళ్ళు కూడా రెండు వందల మీటర్లు దాటి పడతాయి, రైఫిల్ గుండయితే ఊరవతల పడుతుంది. ప్రాణాలకు ముప్పు వచ్చేలా వేడుకలో కాలిస్తే 2019 నుంచి ఆయుధ చట్టం 25వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. వీడియో తీసి స్టేటస్‌లో పెట్టుకునేది వాళ్ళే కాబట్టి సాక్ష్యం వెతకాల్సిన పని కూడా ఉండదు.

ప్రశ్న: ఎన్నికలొచ్చిన ప్రతిసారీ తుపాకీ తెచ్చి ఇమ్మంటారు. ఏ కేసూ లేనివాడు కూడా ఇవ్వాల్నా? (ధర్మవరం)

ఎన్నికల సంఘం చెప్పింది అందరి దగ్గరా గంపగుత్తగా తీసుకోమని కాదు. కలెక్టరు, ఎస్పీ ఉన్న పరిశీలన కమిటీ లైసెన్సుదారుల పట్టీ చూసి, బెయిల్ మీద ఉన్నవాళ్ళు, నేర చరిత్ర ఉన్నవాళ్ళు, గత ఎన్నికల్లో అల్లర్లకు దిగినవాళ్ళు ఎవరో తేల్చి నోటీసు ఇవ్వాలి. బ్యాంకుల కాపలాదారులకు, పోటీల్లో పాల్గొనే ఆటగాళ్ళకు మినహాయింపు ఉంది. మీకు నోటీసు వస్తే కారణం ఏమని రాశారో చదివి, అభ్యంతరముంటే కమిటీకి రాతపూర్వకంగా చెప్పుకోవచ్చు. ఈలోగా ఆయుధం మాత్రం ఇవ్వకుండా ఉండొద్దు, ఉత్తర్వు ధిక్కరిస్తే అది వేరే కేసు.

జమ చేసేటప్పుడు పాటించాల్సింది ఇది. స్టేషన్ గుమ్మం బయటే తుపాకీ మూతి నేల వైపు పెట్టి, జోడు గొట్టాలదైతే పైన ఉన్న మీటను కుడి వైపు నెట్టి గొట్టాలు వంచండి. రెండు గదుల్లోంచీ అవతలి వెలుతురు కనపడాలి. ఒక గదిలో తూటా తీసి రెండోది మరిచిపోవడం వల్లే స్టేషన్లలో కూడా పేలుళ్ళు జరుగుతాయి. అలా వంచి తెరిచే ఉంచి అప్పజెప్పండి. రసీదులో తుపాకీ నెంబరుతోపాటు తూటాల సంఖ్య, రకం వేరే వరుసలో రాయించుకోండి. ఫలితాలు వెలువడి వారం గడిచాక తిరిగి ఇవ్వాలి. తీసుకునేటప్పుడు గొట్టం లోపల తుప్పు ఉందేమో వెలుతురుకు పెట్టి చూసి, తూటాలు లెక్కపెట్టాకే సంతకం చేయండి.